జబ్బులేని మోకాళ్ళు

ఓడెక్కిన మర్నాడు పొద్దున్నే నేను చేసిన మొదటి పని మా ఆయన బనీన్లు ఉతకడం. గదిలో చేతులు కడుక్కునే సింకు అరచెయ్యంత ఉంది. దాంట్లోనే సబ్బు రుద్ది, పిండి, అద్దం పక్కనున్న కొక్కేనికి ఆరేశాను. కిటికీలోంచి చూస్తే సముద్రం. డెబ్భై ఒక్క ఏళ్ళకి అంత నీలం ఒక్కచోట చూడటం అదే మొదలు. "అలా నోరు తెరుచుకుని నించోకపోతే టీ సంగతి చూడొచ్చుగా," అన్నారు మంచం మీంచి. చూశాను. సముద్రం ఎక్కడికి పోతుందిలే అనుకున్నాను.

ఓడల కంపెనీలో టికెట్లు రాసే ఉద్యోగం మా చిన్నమ్మాయిది. అక్కడ పనిచేసేవాళ్ళు అమ్మానాన్నల్ని ఒక్కసారి ఊరికే పంపుకోవచ్చట. "ఏడు రోజులు, ఐదు దీవులమ్మా! వంటిల్లు ఎక్కడుందో కూడా నీకు చెప్పరు, హాయిగా తిరిగిరా," అని ఫోన్లో నవ్వింది. దాని కడుపు చల్లగా ఉండాలి, ఆ ప్రయాణం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఆకలెయ్యదు. పెద్ద ఓడ ఒడ్డుదాకా పోలేదు, లోతు చాలదు. దూరంగా ఆగితే చిన్న పడవల్లో దీవికి చేరుస్తారు. నా తంటా అంతా ఆ చిన్న పడవ దగ్గరే వచ్చింది.

మా ఆయన ముప్ఫై ఆరేళ్ళు బడిలో డ్రిల్లు మాస్టారు. ఊరంతా విజిల్ మాస్టారంటారు. ఆయన విజిలేస్తే రెండొందలమంది పిల్లలు ఒంటికాలి మీద నిలబడేవాళ్ళు. అలాంటి మనిషి మొదటి దీవి రోజున మెట్ల దగ్గర నిలబడి, కింద ఎగిరెగిరి పడుతున్న పడవని చూసి, పట్టుకున్న కమ్మీ వదల్లేదు. వేళ్ళు తెల్లబడ్డాయి. వెనక పెద్ద వరస. "రండి సార్, చెయ్యివ్వండి," అంటాడు పడవవాడు. ఆయన నా వైపు తిరిగి చూశారు. ఆ చూపు నాకు కొత్తా? నా నోట్లోంచి మాట దానంతటదే ఊడిపడింది. "అయ్యో, మోకాళ్ళు పట్టేశాయండీ, నేను దిగలేను." ఆయన మొహంలోకి రక్తం తిరిగొచ్చింది. "ఈవిడతో ప్రయాణమంటే ఇంతే. పదవే, పైకి పోదాం," అన్నారు, వరసంతా వినేటట్టు.

కాపురానికొచ్చినప్పటి నుంచీ ఇదే వరస. ఆయన స్నేహితుడితో మాటా మాటా అనుకుని వాళ్ళింటి పెళ్ళికి పోకపోతే, తలనొప్పి నాది. హెడ్మాస్టర్ని చేస్తాం, పై ఊరు వెళ్ళమంటే ఆయనకి గుండె జారింది, ఊరు వదలనన్న మొండితనం మాత్రం నాది. మా అత్తగారు పోయేదాకా వచ్చినవాళ్ళకల్లా చెప్పేది, "నా కొడుకు ఎక్కడో ఉండాల్సినవాడు, ఈ మహాతల్లి కాళ్ళకడ్డం పడింది," అని. ఆవిడకి అన్నం వడ్డిస్తూ నేనూ తలూపేదాన్ని. మొగుడి పరువు కాపాడటం ఇంటి పనుల్లో ఒకటనుకున్నాను. గిన్నెలైతే ఒక పూటకి తోమేస్తే అయిపోతాయి, ఈ పని తెమలదు. ఆయన చెడ్డవాడు కాడు, ఒక్కనాడూ చెయ్యెత్తి ఎరగడు. భయపడటం మగాడికి తగదని ఆయనకెవరో నేర్పారు, ఆ పాఠం ఆయన నాచేత అప్పజెప్పించారు.

ఆ మధ్యాహ్నం తలుపు తట్టి గదులు సర్దే అమ్మాయి వచ్చింది. ముప్ఫై అయిదేళ్ళుంటాయి, పదహారు గదులు చూస్తుంది ఒక్కతీ. చేతిలో వేణ్ణీళ్ళ సంచీ. "మోకాళ్ళు పట్టేశాయటగా అమ్మమ్మగారూ, పడవ దగ్గర చెప్పుకుంటున్నారు." వద్దు వద్దంటున్నా కింద కూర్చుని, సంచీ మోకాళ్ళ మీద ఆనించి, పిక్కలు పట్టడం మొదలెట్టింది. నేను ఎందరి కాళ్ళు పట్టానో! అత్తగారివి, మావగారివి, పురిటికొచ్చిన ఆడపడుచువి. నా కాళ్ళు ఇంకొకరి చేతుల్లో ఉండటం నాకే వింతగా ఉంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నొప్పిగా ఉందా?" అంది. ఊఁ అన్నాను. ఇంకేమనను!

రెండో దీవి, మూడో దీవి, నాలుగో దీవి. ఆయన పైన పేకాడుతూ "పాపం, దానికి మోకాళ్ళు," అని నిట్టూర్చేవారు. నేను కిటికీలోంచి ఒడ్డున ఇసకలో పరిగెత్తే మనుషుల్ని చూసేదాన్ని. ఆ అమ్మాయి తన భోజనం టైములో వచ్చి నా కాళ్ళు పట్టేది.

అయిదో దీవి ఆఖరిది. పొద్దున్నే ఆ అమ్మాయి చక్రాల కుర్చీ తోసుకుంటూ వచ్చింది. "పై ఆఫీసర్ని బతిమాలాను అమ్మమ్మగారూ. ఇద్దరు మనుషులు మిమ్మల్ని కుర్చీతో సహా పడవలో దింపుతారు. నాకు వారానికి రెండే గంటలు బయట సెలవు, అది ఇవాళే. ఇసకలో కుర్చీ నేను తోస్తాను."

నా నెత్తిన పిడుగు పడ్డట్టయింది. ఆయన భయాన్ని నేను మోశాను, సరే, కట్టుకున్న ఖర్మ అనుకుందాం. ఈ పిల్లేం చేసింది? నాలుగు రోజులుగా తిండి మానుకుని మోస్తోంది, ఇవాళ ఉన్న రెండు గంటలూ ఇస్తానంటోంది.

"కూర్చోవే తల్లీ," అన్నాను. "నా మోకాళ్ళకి ఏ రోగమూ లేదు. పడవంటే భయం మా ఆయనకి."

నా మోకాళ్ళ వంక చూసింది. "నాలుగు రోజులు నిక్షేపంలాంటి కాళ్ళు పట్టించుకున్నారా?"

"తిట్టు. పడతాను."

"తిడతాను, తీరుబడిగా. ముందు చెప్పులేసుకోండి, నా రెండు గంటలు అయిపోతున్నాయి!" అని పకపకా నవ్వేసింది. ఆ నవ్వుకి నేను జన్మంతా రుణపడి ఉంటాను.

మెట్ల దగ్గర ఆయన పేకాట జట్టుతో నిలబడి ఉన్నారు. నేను గబగబా నడిచి రావడం చూసి "ఏమే, నీ మోకాళ్ళు!" అన్నారు.

"బాగానే ఉన్నాయండీ. ఎప్పుడూ బాగానే ఉన్నాయి."

జట్టులో ఒకాయన భార్య నా వైపు తిరిగింది. "మరింకేం! మాస్టారు కూడా వస్తారుగా? ఇన్నాళ్ళూ ఆయనెందుకు దిగలేదమ్మా?"

ఎండ పడదనో, కళ్ళు తిరుగుతాయనో, జవాబు నాలిక చివరికి వచ్చి కూర్చుంది. ఆయన అదే చూపు చూస్తున్నారు. కింద పడవ ఊగుతోంది. ఆ అమ్మాయి అప్పటికే దిగి నాకు చెయ్యి చాపింది.

"ఆయన్నే అడగండమ్మా," అని పడవలో కాలు పెట్టాను.