వంద దాటిన వాన

మా రాష్ట్రమంటే నాకు చిన్నప్పట్నుంచీ గిట్టదు. ఎర్రమట్టి, ముళ్లచెట్లు, బస్సు కిటికీలోంచి ఎంత దూరం చూసినా అదే బోడి నేల. పుట్టిన పాపానికి ఇక్కడే చదివి, ఇక్కడే వాతావరణ ఆఫీసులో చేరి, నలభై ఊళ్ల నుంచి వచ్చే వానల కార్డుల్ని పదకొండేళ్లుగా సరిచూస్తున్నాను. ఆ నలభైలో ఒక్క ఊరి మొహం చూడలేదు. చూడటానికేముంది అక్కడ?

చివరికి పక్క రాష్ట్రంలో, సముద్రమున్న ఊరికి బదిలీ వచ్చింది. ఒకటే మెలిక. వెళ్లేముందు పది వాన కేంద్రాలు తిరిగి, వాటిలో ఏవి మూసేయాలో నివేదిక రాసివ్వాలి. నేను జీపెక్కకముందే ఆ జాబితా తయారు చేసేసుకున్నాను. అందులో మొదటిది కొండవెనక కేంద్రం.

దాని మీద నాకు పాత కోపం. అక్కడ వాన కొలిచే ఆవిడకి చుక్క ఎక్కడ పెట్టాలో తెలీదు. పద్నాలుగు పాయింట్ రెండు మిల్లీమీటర్లు అని రాయాల్సిన చోట నూట నలభై రెండని రాస్తుంది. కొండకి ఇవతలి కేంద్రంలో అదే రోజు పన్నెండో పదిహేనో పడి ఉంటుంది. మన రాష్ట్రం మొహానికి నూట నలభై రెండా? ఆవిడ కార్డులో వంద దాటిన అంకె కనిపిస్తే చాలు, ఎర్రసిరాతో చుక్కని ఒక గడి ఎడమకి లాగేసేదాన్ని. ఏడాదికోసారి మందలిస్తూ ఉత్తరం కూడా రాసేదాన్ని.

జీపు తోలే ఆయన్ని ఆఫీసులో అందరూ 'నెమ్మది' అనే పిలుస్తారు. గంటకి నలభై దాటి ఎప్పుడూ పోనివ్వడు.

"సముద్రమున్న ఊరు ఎప్పుడైనా చూశారా మేడం?" అన్నాడు దారిలో.

"లేదు."

"దూరపు కొండలు నునుపు మేడం. దగ్గరివి నేను చూపిస్తాను, కాస్త ఓపిక పట్టండి."

పెరటి చెట్టు వైద్యానికి పనికొస్తుందా అని మనసులో అనుకుని కళ్లు మూసుకున్నాను. చలేసి మెలకువ వచ్చింది. జీపు కొండ మీద మలుపు తిరుగుతోంది.

"ఆపండి," అన్నాను.

కింద లోయంతా పచ్చగా ఉంది. అవతలి కొండ మీంచి నీళ్లు నాలుగు పాయలుగా కిందికి పడుతున్నాయి. గోడల మీద, రాళ్ల మీద, ఇళ్ల పెంకుల మీద వేలెడు మందాన నాచు.

"ఇది ఏ రాష్ట్రం?"

"మనదే మేడం. సరిహద్దు ఇంకా అరవై కిలోమీటర్లుంది."

ముప్పైతొమ్మిదేళ్లు వచ్చాయి నాకు. ఇంటి నుంచి అయిదు గంటల దూరంలో ఇది ఉందని ఎవరైనా చెబితే ఎగతాళి చేసి ఉండేదాన్ని. జీపు దిగి చిన్నపిల్లలా అటూ ఇటూ తిరిగాను. నెమ్మది బానెట్‌కి ఆనుకుని, ఇదంతా తనే కట్టించినట్టు నవ్వుతున్నాడు. నాకూ నవ్వొచ్చింది. అంతలో మళ్లీ పెంకుల మీది నాచు వైపు చూశాను. ఏటా నేను ఖాయం చేసి పంపే వానకి అంత నాచు పట్టదు.

కొలిచే ఆవిడ భర్త దర్జీ. మేం వెళ్లేసరికి ముందుగదిలో మిషను వెనక కూర్చుని కుడుతున్నాడు. ఆవిడ చేతులు తుడుచుకుంటూ వచ్చి, ఆఫీసు నుంచి మనిషి రావడం ఇదే మొదటిసారని సంబరపడింది. సాయంత్రం మొదలైన వాన తెల్లారేదాకా తెరిపివ్వలేదు. మమ్మల్ని కదలనివ్వక అక్కడే ఉంచేశారు.

పొద్దున ఎనిమిదిన్నరకి ఆవిడ పెరట్లోని వానడబ్బా మూత తీసి, లోపలి సీసాలో నీళ్లు కొలతగ్లాసులోకి వంచింది. గ్లాసు నిండితే ఇరవై మిల్లీమీటర్లు. ఒకటి నిండింది, పక్కనున్న బిందెలోకి ఒంపింది. రెండు. మూడు. ఆరు గ్లాసులు నిండి, ఏడోది ఏడు గీత దగ్గర ఆగింది. నూట ఇరవై ఏడు.

"మీరూ ఒకసారి చూసి చెప్పండమ్మా," అందావిడ. "ఆఫీసువాళ్లకి నా చూపు మీద నమ్మకం లేదు. ఆ ఉత్తరాలు చూసి కళ్లద్దాలు కూడా మార్చాను. ఇవి మూడో జత. అయినా నాకే అనుమానం, అందుకే ప్రతిసారీ రెండుసార్లు కొలుస్తాను."

బిందెలో నీళ్లన్నీ మళ్లీ సీసాలో పోసి మొదటి నుంచి కొలవడం మొదలుపెట్టింది. ఆ ఉత్తరాల కింద సంతకం పెట్టింది నేనేనని ఆవిడకి తెలీదు.

అప్పుడే దర్జీ చంకకర్ర ఊతంతో గుమ్మంలోకి వచ్చాడు. నిన్న మిషను చాటున ఉన్నాడు కాబట్టి గమనించలేదు. ఆయనకి ఎడమకాలు మోకాలి కింద లేదు. నా చూపు ఎక్కడ ఆగిందో ఆయన చూశాడు.

"వాగు మీద వంతెన కొట్టుకుపోయిందమ్మా, దాంతోపాటు ఇదీ పోయింది. ఆరేళ్లయింది. కట్టి అప్పటికి రెండేళ్లు కూడా కాలేదు. ఇంజినీర్లని అనడానికి లేదు, లెక్క చూసుకునే కట్టారట. ఇక్కడ అంత వాన పడదని కాగితంలో ఉందట. వానకి చదువు రాదు, ఏం చేస్తాం."

"మళ్లీ కడుతున్నారా?"

"వచ్చే నెల మొదలుపెడతారు. ఎత్తు అదే, కొంచెం గట్టి సిమెంటుతో."

వంతెన పోయిన రోజు రిజిస్టరు చూపించమన్నాను. ఆవిడ వెతక్కుండానే పేజీ తీసింది. నూట ఎనభై మూడు పాయింట్ ఆరు. ఆ అంకె నాకు బాగా గుర్తుంది. ఎర్రసిరాతో దాన్ని పద్దెనిమిది చేసి, పక్కసీటావిడకి చూపించి ఇద్దరం నవ్వుకున్నాం.

వాకిట్లోకి వచ్చి పెద్దాఫీసరుకి ఫోన్ చేశాను. ఆయన చెప్పిందంతా విన్నాడు.

"ఇప్పుడు దాన్ని కెలకడం ఎందుకమ్మా? రాసిస్తే విచారణ వేస్తారు. బదిలీ ఆగిపోతుంది, ఉద్యోగమూ చెప్పలేం. వంతెన సంగతి వాళ్లు చూసుకుంటారు."

"వాళ్లేం చూసుకుంటారు సార్? వాళ్ల దగ్గరున్నవి నా అంకెలే."

ఫోన్ పెట్టేసి తలెత్తి చూశాను. వాన వెలిసింది. ఎదుటి కొండ మీద నాలుగు పాయలు తొమ్మిదయ్యాయి. ఇంత అందం నాదని తెలిసిన మర్నాడే, దీన్ని పదకొండేళ్లుగా కాగితం మీద ఎండబెట్టింది నేనేనని తెలిసింది. నేను చీదరించుకున్న బోడి రాష్ట్రంలో సగం నా ఎర్రసిరాతో తయారైందే. ఈ లోయ మీద ప్రేమా, నా మీద అసహ్యమూ ఒక్కసారే వచ్చాయి.

లోపలికి వెళ్లి ఇద్దరి ముందూ నిలబడి చెప్పాను. చుక్కని జరిపింది నేను. ఉత్తరాలు రాసింది నేను. ఆ వంతెనకి లెక్క ఇచ్చింది నేను.

ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయింది. నెమ్మది తల దించుకున్నాడు. దర్జీ చేతిలో గుడ్డని మడిచాడు, విప్పాడు, మళ్లీ మడిచాడు.

"నాకు కాలే పోయింది," అన్నాడు చివరికి. "అది తన కళ్లనే నమ్మడం మానేసింది. రాత్రి వాన మొదలైతే చాలు, పొద్దున తప్పు రాస్తానేమోనని నిద్రపోదు. మీరు ఏం చెప్పుకున్నా దానికే చెప్పుకోవాలి."

ఆవిడ తిరిగొచ్చేసరికి చేతుల్లో పదకొండు రిజిస్టర్లున్నాయి. కళ్లు ఎర్రబడి ఉన్నాయి. రిజిస్టర్లు బల్ల మీద పెట్టి, నా ముందుకి తెల్లకాగితాలు తోసింది.

"నేను చదువుతాను. మీరు రాయండి. అన్నీ అయ్యాక కింద మీ సంతకం పెట్టి వంతెన వాళ్లకి పంపండి."

కూర్చున్నాను. ఆవిడ తారీఖు చదివి, వాన చదివేది. నేను రాసేదాన్ని. నూట పన్నెండు. నూట నలభై రెండు. నూట అయిదు. దర్జీ ఒంటికాలితో మిషను తొక్కుతున్నాడు. మధ్యాహ్నానికి అయిదో రిజిస్టరు మొదలుపెట్టాం. పేజీల్లో నెలలు గడిచి ఆ తారీఖు వచ్చింది. ఆవిడ గొంతు మారలేదు.

"నూట ఎనభై మూడు పాయింట్ ఆరు."

మిషను ఆగింది. నా చేతిలో కలం కూడా ఆగింది. కాగితం మీద గీతలు కలిసిపోయి కనిపిస్తున్నాయి. ఆవిడ వేలు ఆ అంకె కిందే ఉంది. నేను రాసేదాకా కదపలేదు.

"చుక్క పెట్టారా?"

"పెట్టాను."

"ఏదీ, చూడనివ్వండి," అని కాగితం తనవైపు తిప్పుకుని, కళ్లద్దాలు తీసేసి చూసింది.