తుప్పు నడిచిన గోడ

పొద్దున లేవగానే సుశీలమ్మ చేసే మొదటి పని ప్రహరీ గోడను చూడటం. మరక నిన్న ఉన్నచోటే ఉందా, జరిగిందా అని చూస్తుంది. వాన పడని రోజుల్లో అది జరగదు. అయినా చూస్తుంది. ఆ తర్వాతే పొయ్యి వెలిగిస్తుంది.

పెద్దారవీడు చివర ఆ వీధిలో ప్రహరీలన్నీ దాదాపు ఒకేసారి లేచాయి. ఊచలు చాలక, ట్రాక్టర్లు వచ్చాక మూలనపడ్డ నాగలి కర్రులను కాంక్రీటులో పడేశారు. మంచినీళ్ళ ట్యాంకరు తాగడానికే చాలదు కాబట్టి సిమెంటును బోరు నీళ్ళతో కలిపారు. ఆ నీళ్ళు ఉప్పన. ఉప్పు ఇనుమును తింటుందని మేస్త్రీ శ్యాంసన్ అప్పుడే చెప్పాడు. ఎవరూ వినలేదు. కొన్నేళ్ళకు ప్రతి గోడ మీదా, లోపలి కర్రు ఎవరిదైతే ఆ మనిషి ఆకారంలో, ఒక తుప్పు మరక తేలింది. వాన పడ్డప్పుడల్లా అది గేటు వైపు ఒక అడుగు వేస్తుంది.

పక్కింటి గోవిందమ్మ భర్త మరక పోయిన ఏడాది వానల్లో గేటు దాటింది. ఆ వారంలోనే ఆయన పోయాడు. గోడ తెల్లగా మిగిలింది. వీధిలో తన గోడంత శుభ్రమైన గోడ ఇంకొకటి లేదని గోవిందమ్మ అప్పుడప్పుడూ అంటుంది.

సుశీలమ్మ భర్త ఆంజనేయులు మరక బట్టలుతికే బండ దగ్గర మొదలై, జామచెట్టు దాటి, మల్లెపందిరి దాటి, గేటుకు బారెడు దూరానికి వచ్చింది. తలగుడ్డ, కాస్త వాలిన ఎడమ భుజం, అన్నీ ఆయనవే. ఆంజనేయులు మాత్రం బాగానే ఉన్నాడు. రెండు పూటలా తింటాడు. భార్యతో మార్కాపురం వెళ్ళే రోజున, ఎప్పటిలాగే ముందు తయారై, గేటు గడియ మీద చెయ్యి వేసి నిలబడతాడు. ఆమె గ్యాసు కట్టేసిందో లేదో చూసి, తాళం వేసి, మళ్ళీ తీసి చూసి వచ్చేలోపు ఒక బస్సు పోతుంది.

"నాకంటే వాడే నయం. నాకు మోకాళ్ళ నొప్పులు, వానికి అవీ లేవు" అని మరకను చూసి నవ్వుతాడు.

సుశీలమ్మ నవ్వదు. నిమ్మచెక్క, ఉప్పు పెట్టి రుద్దింది. మరక మసకబారి మళ్ళీ ముదిరింది. బాత్రూం యాసిడ్ పోస్తే గోడ నురగ కక్కింది, ప్లాస్టరింగ్ పొడిగా రాలింది, మరక చుట్టూ పసుపు పాకింది. మార్కాపురం పెయింట్ల దుకాణంలో ఇచ్చిన తెల్లపొడిని నీళ్ళలో కలిపి గుడ్డతో అద్దితే పూర్తిగా పోయింది. ఆ సాయంత్రం ఇద్దరు ముగ్గురిని పిలిచి చూపించింది. కడిగిన నీళ్ళు గోడలో ఇంకాయి. తెల్లారేసరికి మరక తిరిగొచ్చింది, గేటుకు ఇంకో జానెడు దగ్గరగా.

వానే కానక్కర్లేదు, నీళ్ళు తగిలితే చాలునని ఆమెకు అప్పుడు అర్థమైంది. గోడ పక్కనున్న మల్లెకు నీళ్ళు మానేసింది. పందిరి ఎండింది. ఆంజనేయులు పందిరి కనబడకుండా కుర్చీని ఇంటి వైపు తిప్పి వేసుకున్నాడు.

బంగాళాఖాతంలో వాయుగుండం అని టీవీలో చెప్పిన రోజున ఆమె శ్యాంసన్‌కు కబురు పంపింది.

"పైపైన ఎంత కడిగినా ఏంది లాభం పెద్దమ్మా. లోపలి ఇనుము తీసెయ్యాల" అన్నాడు శ్యాంసన్. మరక మొదలైన చోట, బండ దగ్గర, ఉలి పెట్టి కొట్టాడు. లోపల కర్రు లేదు. కర్రు ఆకారంలో ఒక గుంత, అడుగున గుప్పెడు ఎర్రటి పొడి.

"ఇనుమంతా నడిచి పోయింది. తీసేదానికేం మిగల్లేదు. గుంత పూడుస్తా, అంతే నా చేతనయ్యేది."

పూడ్చి, అన్నం తిని పొమ్మన్నాడు ఆంజనేయులు, కుర్చీలోంచి లేవకుండానే.

సుశీలమ్మ ఆ గుంతలోకి వంగి చూసింది. లోపలికి వెళ్ళి అటక మీద నుంచి తన కొడవలి తెచ్చింది. పెళ్ళైన ఏటి నుంచి జొన్న కోసిన కొడవలి, పిడి నున్నగా అరిగి ఉంది. దాన్ని గుంతలో పెట్టింది.

శ్యాంసన్ తాపీ కింద పెట్టేశాడు. "వద్దు పెద్దమ్మా. తెలిసి ఎవరూ పెట్టుకోలేదు."

"నేను తెలిసే పెడుతున్నా. సిమెంటు బోరు నీళ్ళతో కలుపు."

వాన ఆ సాయంత్రమే మొదలైంది. చేయగలిగింది ఏమీ లేక ఆమె గడప దగ్గర కూర్చుంది. వాన తెరలో గోడ కనిపించలేదు. లోపల ఆంజనేయులు గురక పెడుతున్నాడు. ఆ గురక ఆగినప్పుడల్లా ఆమె లేచి వెళ్ళి చూసి వచ్చింది.

వాన వెలిశాక గోవిందమ్మే ముందు వచ్చింది. ఆంజనేయులు మరక గేటు స్తంభం దాకా వచ్చి, గడియ మీద చెయ్యి వేసి ఉంది. కాలు మాత్రం బయట పెట్టలేదు. ఇన్నాళ్ళూ గేటు వైపున్న ముఖం వెనక్కి తిరిగి ఉంది. అక్కడ, బండ దగ్గర, ఇంకా ఆరని సిమెంటు మీద ఇంకో మరక. పొట్టిది. జుట్టు ముడి, ఎగదోపిన చీర కుచ్చిళ్ళు.

"ఇప్పుడా సుశీలా బయల్దేరేది? పాపం, ఆయన నిలబడిపోయినాడు చూడు" అంది గోవిందమ్మ.

ఆంజనేయులు కర్ర ఊతంతో వచ్చి రెండు మరకలనూ చూశాడు. "ఎప్పుడూ ఇంతే" అన్నాడు.

తర్వాత పడిన వానలకు ఆయన మరక కదల్లేదు. ఆమెది కదిలింది, వానకు వేలెడు చొప్పున. జామచెట్టు ఇంకా చాలా దూరం. సుశీలమ్మ బకెట్టుతో మల్లెకు నీళ్ళు పోసింది. కొన్ని గోడ మీద పడ్డాయి. ఆమె తుడవలేదు.