ముద్ర పడని దస్తావేజు

కళ్లంలో సఫర్‌ఖులీని వెల్లకిలా పడుకోబెట్టి, కాళ్లు రెండూ దుంగకు కట్టి, అరికాళ్ల మీద దానిమ్మ బెత్తాలతో కొట్టారు. ఊరంతా చూస్తుండగానే కొట్టారు. ముసలాయన చేసిన నేరం ఒక్కటే. కెర్మాన్ గవర్నరు పంపిన గుమాస్తా మీర్జా దస్తావేజు చదువుతూ, ఈ బీడును బాగుచేసి సొరంగ కాలువ తవ్వించింది గవర్నరు గారే కాబట్టి నేలంతా ఆయనదేనన్నచోట ఆయన అడ్డు తగిలాడు. "ఆ కాలువ తవ్వుతూ మట్టి విరిగిపడి మా తాత అందులోనే పోయాడు. గవర్నరు అప్పటికింకా పుట్టలేదు" అన్నాడు.

కూతురు మాహ్‌బాను ఆయన తలను ఒళ్లో పెట్టుకుని మీర్జా ముఖంలోకే చూస్తూ కూర్చుంది. రేపు ఇంటి పెద్దలంతా తమ ఇత్తడి ముద్రలు తెచ్చి సాక్షులుగా గుద్దాలనీ, ఊరి సాక్ష్యం లేనిదే కాజీ దస్తావేజును ఒప్పుకోడనీ చెప్పి మీర్జా గుర్రమెక్కాడు. ఆ చివరి మాట అతను అనకుండా ఉండాల్సింది. మాహ్‌బాను దాన్ని పట్టుకుంది.

ఆ మధ్యాహ్నమే పిండిమర దగ్గర జనం చేరారు. గ్రామపెద్ద ఖైరుల్లా ముద్రలు వేసేద్దామన్నాడు. నేల ఎవరి పేరునుంటే ఏం, దున్నేది మనమేగా అని నచ్చజెప్పబోయాడు. కుర్రాళ్లు అతని మీదికి లేచారు. అరికాళ్లు పగిలితే కోతలెవరు కోస్తారని ఇంకొందరు గొణిగారు.

మాహ్‌బాను మగ్గం మీద పోగుల్ని బిగించి కొట్టే బరువైన ఇనప దువ్వెన పట్టుకుని వచ్చింది.

"మామా, వాళ్లకి సిపాయిలున్నారు, బెత్తాలున్నాయి. లేనిది మన సాక్ష్యమొక్కటే. అది కూడా ఇచ్చేస్తే మనకింకేం మిగుల్తది?"

"ఇయ్యకపోతే చంపుతారమ్మా" అన్నాడు ఖైరుల్లా.

"అందర్నీ చంపితే వాళ్ల గోధుమలెవరు పండిస్తారు?"

మాహ్‌బాను తన తండ్రి ముద్రను రాతి మీద పెట్టి దువ్వెనతో మోదింది. అక్షరాలు చితికిపోయాయి. తర్వాత ఒక్కొక్కరే తెచ్చారు. చివరిదాకా నడుము సంచి తడుముకుంటూ నిలబడ్డ ఖైరుల్లా కూడా వచ్చి, "నాది మందం, గట్టిగా కొట్టు" అన్నాడు.

మర్నాడు ముద్రలు లేవంటే మీర్జా నవ్వాడు. వేళ్లున్నాయిగా అని సిరా తెప్పించాడు. ఆడా మగా అందరూ నేల మీద చతికిలబడి పిడికిళ్లు బిగించారు. బెత్తాలు విరిగాయి, పిడికిళ్లు విచ్చుకోలేదు. సిపాయిలు ఖైరుల్లా వేలు విరిచి కాగితానికి అదిమితే నెత్తురు అలుక్కుపోయింది. మీర్జా ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దీన్ని కాజీకెలా చూపించేదిరా అని సిపాయిల మీద విరుచుకుపడ్డాడు.

ముద్రలు చితగ్గొట్టిన దువ్వెన ఎవరిదో తెలుసుకుని మాహ్‌బాను చేతులు కట్టి, తాడును గుర్రం జీనుకు ముడేశారు. గుర్రం కెర్మాన్ వైపు కదిలింది. వెనకాలే ఊరూ కదిలింది. సఫర్‌ఖులీని గాడిద మీద ఎక్కించుకున్నారు.

పక్క ఊరి పొలాల్లో కోత కోసేవాళ్లు నడుములెత్తి చూశారు. ఒకడు గట్టు మీదికొచ్చి ఎక్కడికి అన్నా అని అడిగాడు.

"కాజీ ముందుకి. సాక్ష్యం కావాలన్నారుగా, చెప్పడానికి" అన్నాడు ఖైరుల్లా.

"మేం మొన్ననే ముద్రలేసేశాం" అని అతను తల దించుకున్నాడు.

"నోరింకా ఉందిగా. రా."

అతను వెనక్కి తిరిగి తనవాళ్లను చూశాడు. కొడవలి భుజాన వేసుకుని దారిలోకి దిగాడు. వాళ్లూ దిగారు.