మిద్దె మీది అమ్మవారు

రామబ్రహ్మం గారి మిద్దెతోటల క్లాసులో శ్రీలత అడిగినన్ని ప్రశ్నలు ఇంకెవరూ అడగలేదు. అన్నీ ఒకే రకం. కుండీల్లో కూరగాయలు పెంచడం నేర్పిన ఆదివారం, "పిల్ల మట్టి తింటే ఏమైతది సార్?" అంది. వంటింటి చెత్తతో ఎరువు చేయడం నేర్పిన ఆదివారం, "వానపామును తింటే?" అంది. తేనెటీగల పాఠం మొదలుపెట్టబోతూ ఆయనే ఆగి, "ముందు మీరు అడిగేయండమ్మా. అసలు మీ పాప ఇంట్లో అన్నం తింటుందా?" అన్నారు. గచ్చిబౌలి పార్కులో చాపల మీద కూర్చున్న వాళ్లంతా గొల్లున నవ్వారు. శ్రీలత ఒళ్లోని మూడేళ్ల జ్యోత్స్న కూడా, ఎందుకో తెలియకపోయినా, చప్పట్లు కొట్టింది.

నవ్వితే నవ్వారు గానీ శ్రీలత ఒక్క క్లాసూ మానలేదు. ఎనిమిదో తరగతి సగంలో బడి మాన్పించి పత్తి చేనుకు పంపిన దగ్గర్నుంచి ఆమె మొదలుపెట్టినవన్నీ సగంలోనే ఆగాయి. కుట్టుపని జాకెట్టు చేతుల దగ్గర ఆగింది. స్కూటీ నేర్చుకోవడం ఎదురింటి గోడ దగ్గర ఆగింది. ఇదొక్కటైనా చివరిదాకా పోవాలని ఆమె పంతం. అందుకే, "ఈగలతో సహా పెట్టె ఒకటి ఇస్తాను. వచ్చే నెల నేనొచ్చి చూసేసరికి అవి క్షేమంగా ఉంటే పెట్టె మీదే, లేకపోతే వెనక్కి తీసుకుపోతాను" అని ఆయన అన్నప్పుడు అందరికంటే ముందు లేచిన చెయ్యి ఆమెదే.

చిక్కల్లా ఇంటి ఓనరు రాజయ్యతో. రాయదుర్గంలో అద్దాల టవర్ల వెనక సందులో ఆయన ఇల్లు. కింద ఆయన కాపురం, మధ్యలో శ్రీలత వాళ్లు, పైన సాఫ్ట్‌వేర్ అమ్మాయిల హాస్టలు, ఆపైన మిద్దె. నిరుడు నీళ్ల ట్యాంకుకు పట్టిన తేనెతుట్టెను కర్రతో పొడిచిన పాపానికి రాజయ్య మెడ సొరకాయలా వాచింది. అప్పట్నుంచి ఈగ అన్న మాట వింటే చాలు, ఆయన చెయ్యి మెడ మీదికి పోతుంది.

రాజయ్య చుట్టాల పెళ్లికని ఒక్కడే ఊరెళ్లిన రోజు చూసుకుని, చీకటి పడ్డాక శ్రీలత పెనిమిటి శివ తను నడిపే ఆఫీసు క్యాబులోనే పెట్టెను తెచ్చాడు.

"ఎవలన్న చూసిన్రా?" అంది శ్రీలత.

"చూస్తే ఏమైతది? ఇయ్యాల ట్రిప్పుల ప్యాసింజర్లు జర ఎక్కువైన్రు అంట."

మిద్దె మీద ట్యాంకు నీడలో స్టాండు వేసి, చీమలు ఎక్కకుండా కాళ్ల కింద నీళ్ల గిన్నెలు పెట్టి, పెట్టెను దాని మీద కుదిర్చారు. ఎండ తగలకుండా శ్రీలత పైన ఎర్రటి జాకెట్టు గుడ్డ కప్పింది. ఇంట్లోకి కొత్త వస్తువు వస్తే, ఫ్రిజ్జు కానీ మిక్సీ కానీ, పసుపు రాసి కుంకుమబొట్టు పెట్టందే ఆమెకు నిద్ర పట్టదు. పెట్టెకూ పెట్టింది.

తెల్లారి బట్టలు ఆరేయడానికి వచ్చిన రాజయ్య భార్య పోచమ్మ బకెట్టు కింద పెట్టేసి రెండు చేతులూ జోడించింది.

"ఏ తల్లి బిడ్డా గీమె?"

శ్రీలత నోరు తెరిచింది. తేనెటీగలత్తా అనాలి. అంటే సాయంత్రానికి పెట్టె సందులో ఉంటుంది. మళ్లీ సగంలోనే ఆగినట్టు. నోరు మూసుకుంది. అబద్ధం ఆడలేదు కదా, మూసుకుంది, అంతే.

పోచమ్మ ఇంకాస్త దగ్గరికొచ్చి పెట్టెకు చెవి ఆనించింది. కళ్లు ఇంతలేసి అయ్యాయి.

"ఓయమ్మో! లోపట ఓంకారం ఇనవడుతున్నదే!"

"ఇనవడ్తదత్తా," అంది శ్రీలత, ఇక ఆగలేక. "పొద్దుగాల ఇంకొంచెం ఎక్కువ ఇనవడ్తది."

మాట హాస్టలుకు ఎక్కడానికి ఎంతసేపు? కొబ్బరి ముక్కలు వచ్చాయి, బెల్లం వచ్చింది. వాటి కోసం వచ్చిన ఈగలేవో, పెట్టెలో కాపురం ఉన్న ఈగలేవో ఎవరికీ తేడా తెలియలేదు. భీమవరం నుంచి వచ్చి హాస్టల్లో ఉంటున్న ప్రవీణ భయంభయంగా అడిగింది. "అక్కా, నేను బెంచ్ మీదున్నానండి. ఏ ప్రాజెక్టులోనూ తీసుకోవడం లేదు. అమ్మవారికి ఏం మొక్కుకోమంటారు?"

శ్రీలత ఆలోచించింది. "ముంగట నిలవడకు, పక్కకెల్లి దండం పెట్టు. సెంటు కొట్టుకొని రాకు. గీ తల్లికి పూలంటే పాణం. తెంపినయి కాదు, చెట్టుకున్నయి."

ప్రవీణ బంతిమొక్క కుండీ తెచ్చింది. వారం తిరక్కుండా ఆమెకు ప్రాజెక్టు వచ్చింది. ఇక చూడాలి! తులసి కుండీలు, గులాబీ కుండీలు మెట్లెక్కి వరసగా వచ్చేశాయి. పనిలోపనిగా శ్రీలత, కూరగాయల తొక్కలు ఈ డ్రమ్ములో వేస్తే ఇంట్లో దరిద్రం పోతుందని చెప్పి ఎరువు డ్రమ్ము కూడా నింపుకుంది.

అయితే పగలు వచ్చిన నవ్వు పొద్దుగూకితే భయమయ్యేది. జ్యోత్స్న రెండుసార్లు తుమ్మితే శ్రీలత పెట్టె ముందు లెంపలు వేసుకునేది. "తల్లీ, నువ్వు ఎవలైనా గానీ, పిల్లను ఏమనకు. సార్ వచ్చి చూసేదాక ఆగు. నేనే చెప్పేస్త."

ఊరి నుంచి వచ్చిన రాజయ్య మోకాళ్ల నొప్పితో మిద్దె ఎక్కలేదు గానీ, సంగతి విని కింద నుంచే దండం పెట్టాడు. "మనింటికి అమ్మవారొస్తే ఊకుంటమా? ఆదివారం డప్పులు పెట్టిద్దాం. తలుపు తీసి అందరికి దర్శనం జేపిద్దాం."

రామబ్రహ్మం గారు వస్తానన్నదీ ఆ ఆదివారమే.

ఆ పొద్దున డప్పుల వాళ్లు మెట్ల మీదే దరువు మొదలుపెట్టారు. పెట్టెలో మోత మారింది. రాజయ్య తెల్లచొక్కా వేసుకుని, మోకాళ్లు పట్టుకుంటూ ఎక్కి, పెట్టె మూత మీద చెయ్యి వేశాడు. పక్కనే ప్రవీణ చంకలో జ్యోత్స్న.

శ్రీలతకు ఇక పెట్టె గుర్తు లేదు, పంతం గుర్తు లేదు. "మామా, చెయ్యి తియ్యి! గది అమ్మవారు కాదు. తేనెటీగలు!"

రాజయ్య చెయ్యి మూత మీద నుంచి సూటిగా మెడ మీదికి పోయింది.

"ఏందీ?"

సరిగ్గా అప్పుడే మెట్ల మీద తెల్లటి అంగీ, ముఖానికి తెల్లటి జాలీ ముసుగు, చేతిలో పొగ కక్కుతున్న డబ్బాతో ఒక ఆకారం పైకి వచ్చింది. డప్పు కొట్టేవాళ్లలో ఒకాయన గబుక్కున వంగి కాళ్లకు మొక్కాడు.

"నేనేనండి, రామబ్రహ్మాన్ని," అంది ఆకారం. "ముందు ఆ డప్పులు ఆపండి బాబూ, ఈగలు బెదిరిపోతున్నాయి."

"నువ్వెవలవైనా గానీ," అన్నాడు రాజయ్య మెట్ల తలుపు వెనక్కి పోయి, "గీ పెట్టె గిప్పుడే కిందికి దిగాలె. లేకుంటే ఆమె ఇల్లు ఖాళీ జెయ్యాలె!"

"దించుదామండి. దించే ముందు ఒకసారి చూడాలి కదా. శ్రీలత గారూ, మీరే తెరవండి."

శ్రీలత జ్యోత్స్నను ప్రవీణతో కింద హాస్టలు గదిలోకి పంపింది. గడియ పెట్టావా అని అడిగింది. మళ్లీ అడిగింది. తనే దిగి వెళ్లి తలుపు లాగి చూసింది. తర్వాత ఆయన ఇచ్చిన జాలీ వేసుకుని, నేర్పినట్టే సన్నగా పొగ వదిలి, మూత ఎత్తింది. తేనెపట్టు కట్టిన ఒక్కో చట్రం నెమ్మదిగా పైకి తీసింది. నిండుగా ఈగలు, మైనపు గదుల్లో పిల్ల ఈగలు, పైఅంచున మెరుస్తూ కొత్త తేనె. మూడో చట్రం మీద పొడుగ్గా, తీరిగ్గా నడుస్తూ రాణి. శ్రీలత చట్రాన్ని అందరికీ కనపడేలా తిప్పి పట్టుకుంది.

పోచమ్మ ముఖం నిండా కొంగు కప్పుకుని పక్కకు వచ్చింది. "గీమెనా పెద్దామె?"

"ఆవిడేనండి," అన్నారు రామబ్రహ్మం గారు. "పనంతా చేసేవి కూడా ఆడ ఈగలే. మగవి తిని కూర్చుంటాయి. తిండి తక్కువైందంటే ఆడవన్నీ కలిసి వాటిని బయటికి ఈడ్చి పారేస్తాయి."

పోచమ్మ మెల్లగా మెట్ల తలుపు వైపు తిరిగింది. "ఇంటున్నవా?"

"నేనేం జేసిన్నే?" అన్నాడు రాజయ్య.

"గదే నేనూ అడుగుతున్న. ఏం జేసినవ్?"

పోచమ్మ శ్రీలతను చూసింది. "నీ సంగతి తర్వాత జెప్త. ఓంకారం ఇనవడ్తదంటవా నాతోని?"

"అది నువ్వే అన్నవత్తా."

"పొద్దుగాల ఇంకొంచెం ఎక్కువ ఇనవడ్తదని ఎవలన్నరు?"

శ్రీలత జాలీని ఇంకాస్త కిందికి లాక్కుంది.

"పెట్టిన దండం వాపస్ తీసుకుంటమా? ఉండనియ్ ఈడనే," అంది పోచమ్మ, మొగుడికి వినపడేలా. "పని జేసేటోళ్లను ఎల్లగొట్టుడు మా ఇంట్ల లేదు."

"సరే, ఉండనియ్ తియ్," అంది తలుపు వెనక నుంచి రాజయ్య గొంతు.

రామబ్రహ్మం గారు చట్రాలు సర్ది మూత పెట్టారు. "పెట్టె మీదేనమ్మా," అన్నారు. శ్రీలత ఆ మాట మళ్లీ చెప్పించుకుంది.

డప్పుల వాళ్లు ఇంకా మెట్ల మీదే నిలబడి ఉన్నారు. "మరి కొట్టాల్నా, వద్దా?"

"కిందికి పోయి కొట్టుండ్రి," అంది పోచమ్మ. "లగ్గమైనంక మొదటిసారి ఈన నా మాటకు సరే అన్నడు. గింతకన్న పండుగ ఏముంటది?"