మోతీకి వచ్చిన తెలుగు

ఏ తల్లయినా తన పిల్ల గొప్ప నలుగురికీ చెప్పుకుని మురుస్తుంది. నా పిల్లకు ఏమీ రాదని సర్కారు ముందు నిలబడి తన నోటితో తానే చెప్పే తల్లి ఉంటుందా? జూలూరుపాడు దాటాక అడవి మొదలయ్యే చోట ఉన్న తండాలో, చాందికి ఆ గతి పట్టింది.

చాంది కూతురు మోతీకి తొమ్మిదేళ్లు. పుట్టినప్పుడు చాలాసేపు ఏడవలేదు. అప్పటి నుంచి చేతులూ కాళ్లూ బిగుసుకునే ఉన్నాయి. మాట కూడా ఆలస్యంగా వచ్చింది. వచ్చిన ఆ నాలుగు మాటలూ ఇంట్లో మాట్లాడే లంబాడీలోనే. గాలి సోకిందని తండాలో ఒకరన్నారు, పూర్వజన్మ పాపమని ఇంకొకరన్నారు. పని లేని నోరు ఏదైనా అంటుంది. చాంది అవేవీ చెవిన పెట్టలేదు. మిర్చి కల్లంలో కూతురిని పక్కన కూర్చోబెట్టుకుని, ఎర్రకాయ ఇటు, తెల్లబడ్డ తాలుకాయ అటు అని ఏరడం నేర్పింది. మోతీ చెయ్యి వణికేది, కాయ జారిపోయేది, మళ్లీ తీసేది. కూలి మనిషి బుట్టెడు ఏరేలోపు ఆ పిల్ల గుప్పెడు ఏరేది. కానీ తాలుకాయను మంచికాయల్లో మాత్రం ఏనాడూ వేయలేదు. వేసిన ప్రతి కాయకూ తలెత్తి "యాడీ" అని తల్లిని పిలిచి చూపించేది. కాకి పిల్ల కాకికి ముద్దని ఆడవాళ్లు నవ్వితే, మీ కళ్ల కంటే నా బిడ్డ కళ్లే నయం పొమ్మనేది చాంది.

ఇలాంటి పిల్లల కోసం మండలానికి వేసిన టీచరు ప్రమీల మేడం. శనివారం శనివారం స్కూటీ మీద తండాకు వచ్చి, మోతీతో గంటసేపు తెలుగులో కబుర్లు చెప్పి పోయేది. మోతీ నోరు తెరుచుకుని వినేది తప్ప ఒక్క ముక్క పలికేది కాదు. ఊరి బడిలో మోతీ పేరు రాయడానికి హెడ్మాస్టరు నసిగితే, "వద్దనే హక్కు మీకు లేదు సార్, చట్టం ఒప్పుకోదు" అని దగ్గరుండి రాయించింది కూడా ఆమే.

పేరైతే ఎక్కింది. చేతులు సాగదీసే కసరత్తు మాత్రం ఇలాంటి పిల్లల కోసం సర్కారు మండల కేంద్రంలో నడిపే భవిత కేంద్రంలోనే చేయిస్తారు. అక్కడికి పోవాలంటే ఆటో కావాలి. ఆ ఆటో కిరాయి సర్కారు ఇస్తుంది గానీ, జిల్లా దవాఖానాలో డాక్టర్లు చూసి సర్టిఫికెట్ ఇస్తేనే.

"ఇయ్యకపోతే?" అని అడిగింది చాంది.

"చేతులు ఇంకా ముడుసుకపోతయ్ చాందీ. జల్దీ మొదలువెట్టాలె. పెద్దగైనంక ఎవ్వలతోని కాదు. డాక్టర్లు పరీక్ష చేస్తరు, నువ్వు దగ్గరుండు."

పరీక్ష అన్న మాట చాంది చెవిలో పడింది, అక్కడే పాతుకుపోయింది. పరీక్షంటే చదివించాలి కదా! మొగుడు కిషన్‌లాల్, తానూ కలిసి పిల్లను తయారుచేశారు. పేరు చెప్పించారు, వేలు పట్టుకుని నడిపించారు, గ్లాసు పట్టించారు. పరీక్ష రోజు కొత్త గౌను తొడిగి జిల్లా దవాఖానాకు తీసుకుపోతే మోతీ ఏ ఒక్కటీ తప్పలేదు. డాక్టరు రంగు పూసలు ముందు పెడితే ఎర్రవన్నీ ఏరి పక్కన పెట్టి, తల్లి వైపు చూసి నవ్వింది. తింటదా, నడుస్తదా, మాట్లాడుతదా అని ఆయన అడిగినదానికల్లా, "అవ్ సారూ, వస్తది, అన్నీ వస్తయ్" అన్నది చాంది, కళ్లనిండా గర్వంతో.

కొన్నాళ్లకు ఫోనుకు మెసేజ్ వచ్చింది. ముప్పై అయిదు శాతం. పదో తరగతి దాకా చదివిన కిషన్‌లాల్ ఎగిరి గంతేశాడు. "ముప్పై అయిదంటే పాసేనే! లెక్కలల్ల నాకు ముప్పై రెండే వచ్చినయ్. బిడ్డ నాయిన్ని మించింది!" ఇంటింటికీ బెల్లం పంచారు.

శనివారం వచ్చిన ప్రమీల చేతిలోనూ బెల్లం ముక్క పెట్టారు. ఆమె దాన్ని నోట్లో వేసుకోలేకపోయింది. "ఇవి మార్కులు గావు చాందీ. బిడ్డకు కష్టం ఎంతున్నదో ఆ లెక్క. నలభై దాటితేనే ఆటో పైసలు, పింఛన్ అన్నీ. తక్కువైతే ఏం రాదు."

కిషన్‌లాల్ చెట్టు కింద నిలిపిన మేడం స్కూటీ వైపు తిరిగి, ఎందుకో దాని సీటు తుడవడం మొదలుపెట్టాడు.

"మళ్ల సూడమని అడిగే హక్కు మనకున్నది. అర్జీ పెడదాం. అబద్ధం చెప్పమంటలేను," అంది ప్రమీల. "పొద్దుగాల లేసినకాడికెళ్లి నువ్వు ఏమేం చేస్తున్నవో, నువ్వు లేకపోతే బిడ్డ ఏం చేసుకోలేదో, గది చెప్పు. అంతే."

చాంది మూడు రోజులు మథనపడింది. చెప్పకపోతే చేతులు పోతాయి. చెబితే, తన ముందే తల్లి తనను తక్కువ చేస్తుంటే ఆ పసిదాని మనసు ఏమైపోను? ముందు నుయ్యి, వెనుక గొయ్యి. పిల్లను బయట ఉంచుదామంటే డాక్టర్లకు చూపించాల్సింది పిల్లనే. అప్పుడు తట్టింది ఉపాయం. చెప్పేది తెలుగులో. మోతీకి తెలుగు రాదు. ఇంట్లో ఎవరూ మాట్లాడరు, అదెన్నడూ ఒక్క తెలుగు మాట పలకలేదు. ఇక భయమెందుకు? గుండె మీది బండ దిగినట్టయింది.

రెండోసారి దవాఖానాకు ప్రమీల కూడా వెంట వచ్చింది. డాక్టరు పాత పూసలే మోతీ ముందు పోశాడు. చూడగానే పిల్ల ముఖం వెలిగింది. తెలిసిన పని! ఒక ఎర్రపూస తీసి పక్కన పెట్టి, "యాడీ" అని తలెత్తింది.

చాంది కూతురి వైపు చూడలేదు. డాక్టరును చూస్తూ మొదలుపెట్టింది.

"ఆమెకు ఏం రాదు సారూ. అన్నం నేనే తినిపియ్యాలె. బట్టలు నేనే తొడగాలె. దొడ్డికి నేనే తీస్కపోవాలె. వట్టిగనే కూసుంటది. నేను సస్తే ఇది కుక్కలపాలు గావాల్సిందే. ఏం రాదు సారూ, ఏం రాదు."

మొదట కూడబలుక్కున్న మాటలే అవి. తరువాత ఎన్నేళ్ల దుఃఖమో తన్నుకొచ్చింది, ఆపుదామన్నా ఆగలేదు. ఏడుస్తూ చెప్పింది. తుడుచుకుని చూస్తే, మోతీ రెండో పూస తీసిన చెయ్యి అలాగే ఆగిపోయి ఉంది. కాసేపటికి పూసను వదిలేసి చెయ్యి ఒళ్లోకి లాక్కుంది. మంచిదే అయింది తల్లీ అని చాంది భవానీకి మొక్కుకుంది. ఈసారి పిల్ల గబగబా చేసి చూపించలేదు. అమ్మవారే చెయ్యి ఆపింది.

ఈసారి అరవై దాటింది. సర్టిఫికెట్ వచ్చింది, ఆటో కుదిరింది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, ఇక్కడ పూజారి కూడా ఇచ్చాడు. బెల్లం మాత్రం ఎవరూ పంచలేదు.

ఆ మధ్యలో కల్లంలో మోతీ కాయలు ముట్టడం మానేసింది. నోటి దగ్గరకు ముద్ద తెస్తే తింటుంది, లేకపోతే లేదు. ప్రయాణపు అలసటనుకుంది చాంది. ఎండ దెబ్బనుకుంది. తల్లికి అన్నీ తెలుస్తాయంటారు. ఉత్త మాట.

భవిత కేంద్రంలో మొదటి రోజు. గోడల మీద బొమ్మలు, కింద మెత్తటి చాపలు, కసరత్తు చేయించే పెద్ద బంతి. ఇన్నాళ్ల తిప్పలకు ఫలితం ఇదీ అని చాంది కళ్లారా చూసుకుంది. ప్రమీల చాప మీద పూసలు పోసి, "మోతీ, ఎర్రయి నాకు తీసియ్యి బిడ్డా" అంది.

మోతీ కదల్లేదు. రెండు చేతులూ తొడల కింద దాచుకుంది. తల్లి ముఖం చూసింది, మేడం ముఖం చూసింది. పెదవులు కూడదీసుకుని, ఎంతో కష్టపడి, పాఠం అప్పజెప్పినట్టుగా పలికింది.

"ఏం... రాదు."

"తెలుగు! చాందీ, తెలుగు మాట్లాడింది సూడు!" ప్రమీల చప్పట్లు కొట్టబోయింది. రెండు అరచేతులూ కలవకముందే ఆ మాట ఎక్కడ విన్నదో గుర్తొచ్చింది. చేతులు మెల్లగా దించుకుంది.

శనివారాలన్నీ ఆ పిల్ల వింటూనే ఉంది. ఒక్క ముక్క వదలకుండా నేర్చుకుంది. దవాఖానాలో తల్లి చెప్పిన ప్రతి మాటా దానికి అర్థమైంది. అన్నీ వస్తాయన్న తల్లే ఏమీ రాదంటే, పిల్ల దేన్ని నమ్మాలి?

చాంది చాప మీద కూలబడింది. కూతురి తొడల కిందికి చెయ్యి పోనిచ్చి ఆ వంకర వేళ్లను బయటికి తీసింది. వాటి మధ్య ఒక ఎర్రపూస పెట్టి, పిల్లకు రాదనుకున్న ఆ తెలుగులోనే, కేంద్రమంతా వినబడేటట్టు అంది: "వస్తది. నా బిడ్డకు వస్తది. అన్నీ వస్తయ్."

వేళ్ల సందులోంచి పూస జారి చాప మీద దొర్లింది. మోతీ దాని వంక చూడలేదు. ఆ ఒక్క మాట మాత్రం దానికి అర్థమైనట్టు లేదు.