కొత్త సభ్యురాలు

"నీకేం మ్మే, నీడలో కూచోని టకటకా కొట్టేదే కదా పని. మేమైతే చేన్లో వంగి వంగి నడుములు పోగొట్టుకున్న్యాం" అంది అత్త.

స్తుతి నానిన బొరుగులను నీళ్లలోంచి తీసి రెండు అరచేతుల మధ్య పిండుతోంది. ఉగ్గాని తాలింపులో పడాలి. కూతురు జెస్సీ బడికి పోవాలి, మొగుడు జయకుమార్ షాపుకు పోవాలి, కల్లూరులో కొళాయి నీళ్లు వచ్చేలోపు బిందెలు తోమి పెట్టుకోవాలి. ఇవన్నీ అయ్యాక, పదకొండు గంటలకు, కంప్యూటర్ ముందు అత్త అన్న ఆ టకటకా మొదలవుతుంది. అత్త కోపంతో అనలేదు. కోపంతో అన్నా బాగుండేది, తిరిగి ఒక మాట అనడానికి సందు దొరికేది. ఆమె నిజంగానే అలా అనుకుంటుంది. ఈ ఇంట్లో అందరూ నిజంగానే అలా అనుకుంటారు.

వెబ్‌సైట్లు తయారు చేసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి ఉంది. అది ఎవరి సొత్తూ కాదు. ఎక్కడెక్కడో కూర్చున్న వేలమంది దాన్ని ఊరికే రాస్తారు, ఊరికే సరిచేస్తారు, ఊరికే పంచుతారు. నందికొట్కూరు బడి వెబ్‌సైటు, కర్నూలు చర్చి వెబ్‌సైటు, కడప నాపరాళ్ల వ్యాపారి వెబ్‌సైటు అన్నీ దాని మీదే నడుస్తాయి. అందులో ఎవరు ఏ మార్పు చేసినా, ఒక్క చుక్క తీసి పక్కన పెట్టినా, చేసినవారి పేరు ఆ మార్పుకు అంటుకుని ఉండిపోతుంది. తర్వాత ఎవరూ దాన్ని చెరపరు. చెరిపితే అందరి దగ్గరున్న నకళ్లూ చెడిపోతాయి. జీతం లేని ఆ లోకంలో పేరే కూలి.

పదకొండేళ్లుగా స్తుతి చేసిన ప్రతి మార్పుకూ జయకుమార్ అనే పేరు అంటుకుని ఉంది.

ఆ రోజు ఆమెకు బాగా గుర్తు. జెస్సీ చంకలో ఉంది. వెబ్‌సైట్లు చేసిచ్చే షాపు కొత్తగా పెట్టారు. "ఆడమనిషి పేరు కనపడితే ఎవుడెవుడో మెసేజులు పెడతారు. నా పేరుతో చెయ్. ఇంట్లో ఎవురు చేస్తే ఏముండాది?" అన్నాడు జయకుమార్. అప్పుడు అది కాపాడటంలాగే వినిపించింది. కంప్యూటర్‌లో ఒకచోట పేరు, ఒకచోట ఈమెయిల్ రాసి పెట్టుకోవాలి. రెండూ అతనివే రాసింది. అర నిమిషం పట్టింది. నాలుగేళ్ల కింద ఒకసారి, నా పేరుతో ఇంకో ఖాతా తెరుచుకుంటానని అడిగింది. "ఇప్పుడు పేరు మారిస్తే షాపుకొచ్చేటోళ్లు ఏమనుకుంటారు? ఇద్దరమూ ఒకటే కదా మే" అన్నాడు. ఇద్దరూ ఒకటే. ఆ ఒకటి మాత్రం అతను. చర్చి వెబ్‌సైటు తెరిచిన ఆదివారం పాస్టరు గారు "బ్రదర్ జయకుమార్ గారి కుటుంబానికి వందనాలు" అన్నాడు. కుటుంబం అంటే నేనే కదా అని స్తుతి ఆడవాళ్ల వైపు చాప మీద కూర్చొని తనకు తానే సర్దిచెప్పుకుంది. సర్దిచెప్పుకోవడం కూడా ఒక పనే. దానికీ కూలి లేదు.

రెండో శనివారం కడపలో ఒక కాలేజీలో ఆ సాఫ్ట్‌వేర్ వాళ్లందరూ కలుస్తున్నారు. పొద్దున మాట్లాడుకోవడం, మధ్యాహ్నం నుంచి కలిసి కూర్చొని తప్పులు సరిచేయడం. 'తేలిక' అనే చిన్న భాగం రాసిన జయకుమార్ గారిని సన్మానిస్తామని, సీమ నాలుగు జిల్లాల బాధ్యత ఆయనకే అప్పజెబుతామని నిర్వాహకుడు అరుణ్ కుమార్ ఫోన్ చేశాడు. "నువ్వూ రా మే. మధ్యలో ఏమన్నా అడిగితే పక్కన ఉండు" అన్నాడు జయకుమార్. మాట్లాడాల్సిందంతా స్తుతి రాసిచ్చింది. నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు దాటేదాకా బస్సులో అతను దాన్ని బట్టీ పట్టాడు.

కాలేజీ గుమ్మం దగ్గర ఒక అమ్మాయి అందరి మెడల్లో పేర్ల కార్డులు వేస్తోంది. "మేడమ్ గారు?" అంది. "మా ఇంటామె" అన్నాడు జయకుమార్. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, పేరు రాయాల్సిన చోట 'అతిథి' అని రాసి స్తుతి మెడలో వేసింది.

వేదిక మీద అతను బాగానే మాట్లాడాడు. "నేను తేలికను ఎందుకు రాశానంటే" అని మొదలుపెట్టినప్పుడు స్తుతి తలొంచుకుంది. నందికొట్కూరు పక్క పల్లెలో ఉండే తన అమ్మకు రోజూ చర్చి పేజీలో వాక్యం చదువుకోవడం అలవాటు. సిగ్నల్ చాలక బొమ్మల దగ్గరే పేజీ ఆగిపోయేది. "అచ్చరాలు రావడంల్యా పాపా, పాస్టరమ్మ చీరంచు మాత్రం వచ్చి నిలబడిండాది" అని ఫోన్లో నవ్వేది. అక్షరాలు ముందు రావాలి, బొమ్మలు తర్వాత రావచ్చు. తేలిక అంటే అంతే. అమ్మ పోయి మూడేళ్లయింది. అమ్మ కోసం రాసిన ఆ కోడ్ ఇప్పుడు ఎక్కడెక్కడి పల్లెల్లోనో అక్షరాలు చూపిస్తోంది. ఇవాళ ఆ అమ్మను కూడా "మా అత్తగారు" అని అతనే చెప్పాడు. చప్పట్లు కొట్టారు.

వెనక వరుసలోంచి ఒక అమ్మాయి లేచింది. నల్ల బురఖా, చేతిలో నోటుపుస్తకం. "సార్, నేను గౌసియా. ఫోటోకు చిన్న సైజు లేకపోతే తేలికలో ఆ జాగా అంతా తెల్లగా మిగిలిపోతాండాది. దాన్ని ఏం చేద్దాం సార్?"

జయకుమార్ కళ్లు హాలంతా తిరిగి స్తుతి మీద ఆగాయి. ఆమెకు జవాబు తెలుసు. ఏడెనిమిది వరుసల పని. కానీ మెడలో అతిథి అని ఉంది. "అది శానా టెక్నికల్ అమ్మా, తర్వాత మాట్లాడదాం" అన్నాడతను. గౌసియా కూర్చుంది, ముఖం కాస్త చిన్నబోయింది.

స్తుతికి ఆ పేరు నాలుగేళ్లుగా తెలుసు. ఈ పిల్ల పంపిన మొదటి మార్పులో పంతొమ్మిది తప్పులుంటే ఒక్కొక్కటే చెబుతూ దిద్దింది తనే. పోయిన ఏడు, ఇంక నీకు ఎవరూ చెప్పక్కర్లేదు అని, తేలికలో మార్పులు ఆమోదించే హక్కు ఇచ్చిందీ తనే. మనిషిని చూడటం ఇదే మొదలు.

భోజనాల దగ్గర ఆ పిల్లే వచ్చి పక్కన కూర్చుంది.

"మీరు సార్ వాళ్ల ఇంటామె కదక్కా. సార్ నాకు గురువు. మా నాయన పోయినప్పుడు నేను పంపిన కోడ్ నిండా తప్పులే. ఇంకెవురన్నా అయితే తిట్టేటోళ్లు. సార్ ఏం రాసినాడో తెలుసా? 'గౌసియా, ముందు అన్నం తిను. ఈ తప్పులు యాడికీ పోవు. తొందర లేదు' అని."

స్తుతి చేతిలో ముద్ద అలాగే ఉంది. "అట్లనా" అంది.

"ఆ మాట వల్లనే ఇంట్లో పెద్ద రచ్చ అయింది లేక్కా." గౌసియా నవ్వబోయింది కానీ నవ్వు రాలేదు. "మా అన్న చూసినాడు. ఎవుడీ జయకుమార్, నువ్వు తింటే వానికేం, తినకుంటే వానికేం అని. ల్యాప్‌టాప్ బీరువాలో పెట్టి తాళమేసినాడు. ఆర్నెల్లు. హైదరాబాద్‌లో ఉద్యోగానికి పిలిచిండ్రి, అదీ ఆ ఆర్నెల్లలోనే పోయింది. పెళ్లయిన మనిషి, పెద్దాయన అని మొత్తుకున్న్యా. వింటారా? అదే ఆ రాసింది ఒక ఆడమనిషి అయ్యింటే, మా అన్నే ఆయమ్మను ఇంటికి పిలిచి బిర్యానీ పెట్టింటాడు."

హాల్లో గలగలా మాటలు వినిపిస్తూనే ఉన్నాయి. స్తుతికి ఆ ఆర్నెల్లు గుర్తొచ్చాయి. రోజూ పదకొండింటికి గౌసియా దగ్గర నుంచి ఏమైనా వచ్చిందా అని చూసేది. రానురాను కోపమొచ్చింది. ఈ ఆడపిల్లలింతే, ఒక సంబంధం కుదిరితే చాలు, అన్నీ వదిలేసి పోతారు అనుకుంది. తనే అనుకుంది ఆ మాట, అత్త కాదు, జయకుమార్ కాదు. ఇన్నాళ్లూ తన పేరు లేకపోవడం తన ఒక్కదాని కడుపులో నొప్పి అనుకుంది. మొగుడి పేరు కప్పుకుని కూర్చుంటే పోయేది తన పేరొక్కటే అనుకుంది. ఆ కప్పుకున్న గుడ్డ కొస పోయి, కడపలో ఎవరో పిల్ల మెడకు చుట్టుకుంటుందని అనుకోలేదు.

"తప్పుగా అనుకోవద్దక్కా" గౌసియా గొంతు తగ్గించింది. "రాతలో ఉన్న మనిషి వేరే మాదిరి ఉన్నాడు. ఈడ సార్ వేరే మాదిరి ఉండాడు."

నేనే అనే మాట గొంతుదాకా వచ్చింది. ఎదురు బల్ల దగ్గర అరుణ్ కుమార్ జయకుమార్ భుజమ్మీద శాలువా సర్దుతూ ఫోటో తీయిస్తున్నాడు. స్తుతి నోరు తెరిచి, "తిను, చల్లారిపోతాంది" అంది.

గౌసియా ఒక్క క్షణం ఆమె ముఖంలోకి చూసి, మళ్లీ ఆకులోకి చూసింది.

బస్సులో జయకుమార్ అడిగాడు. "ఆ తురక పిల్లతో అంతసేపు ఏం మాట్లాడినావు?"

"ఏం మాట్లాడలేదు."

"మంచి పని చేసినావు."

పదకొండేళ్లలో ఆమె చేసిన ఒక పనిని అతను మంచిదనడం అదే మొదటిసారి.

సోమవారం పొద్దున అతను ఉగ్గాని తింటుంటే, స్తుతి ఆ అతిథి కార్డు తెచ్చి పళ్లెం పక్కన పెట్టింది. వెనకవైపు పెన్నుతో ఏదో రాసి ఉంది.

"ఏమ్మే ఇది?"

"నీ ఖాతా పాస్‌వర్డు. నీ పేరు మీద ఉండేదంతా నీదే. నాలుగు జిల్లాల బాధ్యత నీకిచ్చినారు కదా, ఇంక నువ్వే చూసుకో జెస్సీ నాయనా. ఆ పిల్ల ఒక తప్పు గురించి అడిగింది గదా, అది కూడా ఉండాది."

"అదంతా నాకు యాడొస్తాది మే?" అన్నాడు. అని, తల్లి వైపు చూశాడు. అత్త బజ్జీ చేతిలో పట్టుకుని కొడుకునీ కోడలినీ మార్చి మార్చి చూస్తోంది. "మరి షాపు?"

"షాపు పని చేస్తా. వంట చేసినట్లే. ఇది మాత్రం చెయ్యను, నీ పేరుతో చెయ్యను."

"మతి పోయినాదా నీకు? పదకొండేండ్లది పారేసుకుంటావా?"

"పారేసుకునేది ఏముంది, అందులో నేను యాడుండా?"

అతను చెయ్యి కడుక్కుని, విసురుగా బండి తీసుకుని పోయాడు. కార్డు పళ్లెం పక్కనే ఉండిపోయింది. తడి తగిలి పాస్‌వర్డులో రెండు అక్షరాలు అలుక్కుపోయాయి. స్తుతి పళ్లెం తీసింది, కార్డు తీయలేదు.

అంట్లు తోమింది. నీళ్లు పట్టింది. పదకొండింటికి కూర్చుని, కంప్యూటర్‌లో అతని పేరున్న చోట స్తుతి అని కొట్టింది, అతని ఈమెయిల్ తీసి తనది రాసింది. ఇప్పుడూ అర నిమిషమే పట్టింది. కొత్త ఖాతా తెరిచింది. 'స్వాగతం. మీరు మాకు కొత్త. భయపడకండి, ఇక్కడ అందరూ తప్పులు చేస్తూనే నేర్చుకున్నారు' అని తెరమీద తెలుగులో వచ్చింది. ఏడేళ్ల కింద, జెస్సీకి జ్వరమొచ్చిన వారంలో, ఆ వాక్యాలు రాసింది తనే. కింద 'అనువాదం: జయకుమార్' అని ఉంది. కళ్లు తుడుచుకుని, తెల్లజాగా మిగలకుండా ఎనిమిది వరుసలు రాసింది.

పంపబోతే తెరమీద ఇలా వచ్చింది: మీకు ఇది మొదటి మార్పు, పాత సభ్యులు ఒకరు చూసి ఆమోదించాలి. హక్కున్న పేర్లు రెండు కనిపించాయి. జయకుమార్. గౌసియా.

గౌసియా పేరు నొక్కి, ఏం మార్చిందో వివరం రాసే పెట్టెలో మొదట కోడ్ గురించి రాసింది. తర్వాత ఇంకో రెండు వాక్యాలు చేర్చింది.

'గౌసియా, నీ ఆర్నెల్లు పోయింది నా వల్ల. ముందు అన్నం తిని, తర్వాత ఇది చూడు, తొందర లేదు.'