తాతయ్య నోట్లో ఎవరి పళ్ళు?

మధ్యాహ్నం భోజనాల దగ్గర తాతయ్య దోసకాయ ముక్క కొరకబోయి ఆగిపోయాడు. ముక్క తెగలేదు. పళ్ళే కదిలాయి. ‘టక్’మని చప్పుడయింది.

“ఇవి నా పళ్ళు కావు,” అన్నాడు తాతయ్య.

ఎదురుగా కూర్చున్న మనవరాళ్ళిద్దరూ చెంచాలు కింద పెట్టేశారు. పెద్దదాన్ని ఇంట్లో ఎందుకమ్మ అని పిలుస్తారు. మాటలు వచ్చిన నాటినుంచి అది ఎందుకు అని అడగని విషయం లేదు. చిన్నది తోక. అక్క ఎక్కడుంటే అది అక్కడే, ఒక్క అడుగు వెనకగా.

“నీవి కాకపోతే నీ నోట్లోకి ఎందుకొచ్చాయి?” అంది ఎందుకమ్మ.

“అదే నేనూ అడుగుతున్నా... టక్... చూశావా? మాటకో టక్కు. సాయంత్రం మైకులో ఇలాగే మాట్లాడమంటావా?”

తాతయ్య రైల్వే స్టేషన్లో మైకు ముందు కూర్చుని, ఏ రైలు ఎక్కడికొస్తుందో చెప్పే ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. ఆ తర్వాత మళ్ళీ ఆయన చేతికి మైకు రాలేదు. ఇన్నేళ్ళకి ఈ సాయంత్రం, వాళ్ళ వీధి చివరి ఈత కొలనులో జరిగే పిల్లల పోటీలకి మైకులో వ్యాఖ్యానం చెప్పమని పిలిచారు. వారం రోజులుగా ఆయన స్నానాల గదిలో గొంతు సవరించుకుంటున్నాడు. సబ్బునీ చెంబునీ కూడా ప్రయాణికులుగానే పలకరిస్తున్నాడు.

కింది పళ్ళు ఆయన సొంతవి. పైవి కట్టుడు పళ్ళు. వాటిని కట్టింది ఆయన కూతురే, అంటే ఈ పిల్లల అమ్మ. ఆవిడ వృత్తే అది. ఇంటి ముందుగదిలో గులాబీరంగు మైనం, సుద్దపొడి, సన్నటి చాకులు, అరల నిండా తెల్లటి చిగుళ్ళ అచ్చులు ఉంటాయి. కొత్తవాళ్ళెవరైనా ఆ గదిలోకొస్తే గోడంతా తమని చూసి నవ్వుతున్నట్టు ఉలిక్కిపడతారు. ఆ రోజు అమ్మ తయారైన సెట్లు డాక్టరుగారికిచ్చి, అట్నుంచి అటే కొలను దగ్గరికొస్తానని వెళ్ళింది. ఫోను మాత్రం పనిబల్ల మీదే మరిచిపోయింది.

“తాతయ్యా, అద్దం ముందుకి పద,” అంది ఎందుకమ్మ.

తాతయ్య అద్దంలోకి చూసి ఇకిలించాడు. ఆ ఇకిలింపు అలాగే బిగుసుకుపోయింది.

“నా సందేదీ?”

ఆయన సొంత పళ్ళకి ముందు రెంటి మధ్యా ఒక సందుండేది. కట్టుడు పళ్ళు పెట్టించుకునేటప్పుడు కూతురితో పోట్లాడి మరీ ఆ సందు పెట్టించుకున్నాడు. అది లేకపోతే ఆ నవ్వు తనది కాదన్నాడు. ఇప్పుడా చోట పళ్ళు రెండూ గోడ కట్టినట్టు ఆనుకుని ఉన్నాయి.

“అక్కా, ఎవరో దొంగ తాతయ్య సందు ఎత్తుకుపోయాడు,” అంది తోక గుండెల మీద చెయ్యేసుకుని.

“సందుని ఎలా ఎత్తుకుపోతారే? అదేమన్నా వస్తువా? సెట్టే మారిపోయింది. తాతయ్యా, పొద్దున సందుందా?”

“టీ తాగేటప్పుడు ఉంది. దాంట్లోంచి ఈల కూడా వేశాను.”

“ఆ తర్వాత పళ్ళు ఎక్కడ తీశావు?”

“కొలను దగ్గరే. ఈతకి దిగేముందు తీసెయ్యాలి కదా.”

ముసలివాళ్ళ ఈత తరగతిలో అది కోచ్ పెట్టిన నియమం. ఒకసారి బాకా తాత పళ్ళు కొలను అడుక్కి పోతే, కోచ్ మునిగి మరీ వాటిని తీసుకొచ్చాడు. పైకి వచ్చేటప్పటికి ఆయనకి కలిగిన ఆలోచన అది. బాకా తాతంటే పెళ్ళిళ్ళ బ్యాండులో బాకా ఊదినాయన. సాయంత్రం పోటీలు మొదలుపెట్టే బాకా కూడా ఆయనే ఊదాలి. ఆయనా, తాతయ్యా, ఎదురింటి జడ్జిగారూ, ముగ్గురికీ పై పళ్ళు కట్టుడువే. ముగ్గురికీ కట్టింది అమ్మే. ఒక గుండ్రటి బల్ల చుట్టూ మూడు కుర్చీలు వేసుకుని, ఎవరి కుర్చీ ఎదురుగా వాళ్ళ గ్లాసు పెట్టుకుని, అందులో పళ్ళు వేసి నీళ్ళలోకి దిగుతారు.

“గ్లాసులు ఒక్కలాంటివేనా?” అడిగింది ఎందుకమ్మ.

“అన్నీ క్యాంటీన్ గ్లాసులే. కళ్ళజోడు కూడా ఉండదు కదా. నా కుర్చీ ఎదురుగా ఉన్నవే తీసి పెట్టుకున్నాను. చలికి చిగుళ్ళు తిమ్మిరెక్కాయి, ఏమీ తెలియలేదు. ఇంటికొచ్చి పడుకున్నాను.”

“అయితే ఇవి బాకా తాతవో, జడ్జిగారివో అయ్యుండాలి. కట్టిన అచ్చులు అమ్మ దగ్గరుంటాయిగా!”

ముగ్గురూ ముందుగదిలోకి పరుగెత్తారు. అచ్చుల అడుగున అమ్మ సూదితో గీసిన పేర్లున్నాయి. తాతయ్య సెట్టు తీసి కడిగిచ్చాడు. ఎందుకమ్మ దాన్ని బాకా తాత అచ్చు మీద పెట్టింది. అది కుంటి కుర్చీలా అటూ ఇటూ ఊగింది. జడ్జిగారి అచ్చు మీద పెట్టింది. డబ్బామీద మూతలా చక్కగా కూర్చుంది.

“తేలిపోయింది!” తోక గంతేసింది. “జడ్జిగారివి తాతయ్య దగ్గరున్నాయి. తాతయ్యవి జడ్జిగారి దగ్గరున్నాయి!”

“ఆగవే. మొదటిది చూశాం. రెండోది నువ్వు అనుకుంటున్నావు. చూసొద్దాం పద.”

తాతయ్య ఆ సెట్టే మళ్ళీ నోట్లో పెట్టుకున్నాడు. వెళ్ళేముందు ఎందుకమ్మ వంటింట్లోంచి ఒక ఆపిల్ పండు తీసుకుంది. సందున్న పళ్ళతో పండు కొరికితే, గాటు మధ్యలో సన్నటి గోడలా గుజ్జు మిగులుతుంది. అంటే జడ్జిగారిని నోరు తెరవమని అడగక్కర్లేదు, ఒక్కసారి కొరకమంటే చాలు. ఆ ఆలోచనకి దానికే ముచ్చటేసి మెట్ల మీద రెండు మెట్లు ఒకేసారి దూకింది. తోక కూడా దూకబోయి కూర్చుండిపోయింది.

జడ్జిగారు నిలువుటద్దం ముందు నిలబడి బహుమతి ప్రదానానికి ఉపన్యాసం చదువుకుంటున్నారు.

“బాలలకు క్రమ... టక్... శిక్షణ... టక్... అత్యవ... టక్...”

“జడ్జిగారూ, మీ పళ్ళు మారిపోయాయండీ,” అంది ఎందుకమ్మ.

“అసంభవం. నా పళ్ళు నావే. వాతావరణం మారి చిగుళ్ళు... టక్... కొంచెం సర్దుకుంటున్నాయి. ఆధారాలు లేకుండా ఆరోపణలు చెయ్యకూడదమ్మాయ్.”

“ఆధారం కోసమేనండీ. ఈ పండు ఒక్కసారి కొరకండి.”

జడ్జిగారు పండుని ఇటూ అటూ తిప్పి చూశారు. తాతయ్య వైపు చూశారు. ఇందులో తప్పేముందన్నట్టు నోరు బాగా తెరిచి, కసుక్కున కొరికారు. తర్వాత పండుని కిందికి దించారు.

పళ్ళు పండుతోబాటే వెళ్ళిపోయాయి.

ఆపిల్ పండు ఆయన చేతిలో ఉంది. దానికి పళ్ళున్నాయి. అది నవ్వుతోంది. జడ్జిగారి నోరు మాత్రం బోసిగా, గుండ్రంగా ఉండిపోయింది.

ముందు తోక ముక్కులోంచి ‘ప్ఫ్’ అని శబ్దం వచ్చింది. తర్వాత తాతయ్య ఘొల్లుమన్నాడు. ఆ నవ్వుకి ఆయన నోట్లో సెట్టు కూడా జారి, సరిగ్గా అరచేతిలో పడింది. అది చూసి జడ్జిగారు, నలభై ఏళ్ళు కోర్టులో ఎవరూ నవ్వకుండా చూసుకున్న మనిషి, సోఫాలో కూలబడి కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. “చాక్ష్యం... చాక్ష్యం బలంగా ఉంది,” అన్నారు ఎట్టకేలకి.

తాతయ్య చేతిలోవి సబ్బుపెట్టి కడిగి జడ్జిగారికిచ్చారు. ఆయన పెట్టుకుని “క్రమశిక్షణ” అని చూశారు. ఒక్క టక్కు కూడా లేదు. “అత్యవసరం” అని చూశారు. అదీ గంటలా వచ్చింది. ఆ సంతోషంలో ఆయన ఉపన్యాసం మొత్తం మొదలుపెట్టబోతే తాతయ్య చెయ్యి పట్టుకుని ఆపాడు.

“మలి నావి?” అన్నాడు బోసినోటితో.

ఎందుకమ్మ పండుని వెలుతురులో పెట్టి చూసింది. పండులో దిగిన పళ్ళకి మధ్యలో సందు లేదు. “ఇవి తాతయ్యవి కావు,” అంది నీరుగారిపోయి. “ఎందుకు కావు?”

అక్క వెనక నిలబడ్డ తోక వేళ్ళు మడుస్తోంది. “అక్కా, మూడే సెట్లు కదా. జడ్జిగారివి జడ్జిగారికి వచ్చేశాయి. ఈ పండువి తాతయ్యవి కావు. అంటే బాకా తాతవి. మరి మిగిలినవి తాతయ్యవేగా? అవి మిగిలినాయన నోట్లోనే ఉంటాయి!”

ఎందుకమ్మ వెనక్కి తిరిగి చెల్లెల్ని ఎత్తి గిరగిరా తిప్పింది. “తోకా, నువ్వివాళ తలవే!”

“పదంది, పదంది!” అన్నాడు తాతయ్య. “వాదు బాకా ఊదేత్తాదు!”

వీధిలో వాళ్ళని చూసినవాళ్ళు చాలాకాలం చెప్పుకున్నారు. ముందు ఎందుకమ్మ, దాని చేతిలో పళ్ళున్న పండు. ఈసారి అక్కతో సమానంగా తోక. వెనక బోసినోరు మూసుకుని తాతయ్య. ఆయన వెనక ఉపన్యాసం కాగితం గాలిలో ఊపుతూ జడ్జిగారు, “దారివ్వండి, అత్యవసరం!” అని అరుస్తూ. ఆ మాట ఆయన అవసరానికి మించి చాలాసార్లు అన్నారు.

కొలను దగ్గర జనం కిక్కిరిసి ఉన్నారు. టోపీలు పెట్టుకున్న పిల్లలు అంచున వరసగా నిలబడ్డారు. బాకా తాత గట్టుమీద నిలబడి, ఎర్రకోటు బొత్తాలు పెట్టుకుని, బాకా ఎత్తి గుండెల నిండా గాలి తీసుకుని ఊదాడు.

బాకాలోంచి “పీఈఈ... సుయ్... పీఈఈ... సుయ్” అని వచ్చింది. పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నట్టుంది. పిల్లల్లో కొందరు అదే సంకేతం అనుకుని దూకారు. కొందరు నవ్వు ఆపుకోలేక అక్కడే కూర్చున్నారు. బాకా తాత బాకాలోకి తొంగిచూసి, దులిపి, మళ్ళీ ఊదాడు. “సుయ్.”

“బాకా తాతా, ఊదొద్దు!” ఎందుకమ్మ కేక పెట్టింది. “మీ నోట్లో మా తాతయ్య ఉన్నాడు!”

జనమంతా బాకా తాత నోటివైపు చూశారు. ఆయన భయపడి బాకా దించి, నాలుకతో తడిమి చూసుకున్నాడు. ముందు పళ్ళ మధ్య నాలుక ఆగింది. “అమ్మ బాబోయ్! ఈ సందు నాది కాదు!”

అప్పుడే వచ్చిన అమ్మ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చింది. కూతురి చేతిలో పండు చూసి నిలబడిపోయింది.

“నేను చేసిన సెట్టుని ఆపిల్ పండుకి తొడిగిందెవరు?”

“అమ్మా, తర్వాత చెప్తాను. ముందు కడుగు!”

అమ్మ ఇద్దరు పెద్దమనుషుల్నీ చెరో చేత్తో పట్టుకుని బట్టలు మార్చుకునే గదిలోకి లాక్కుపోయింది. సంచిలోంచి బ్రష్షూ, మందునీళ్ళూ తీసి రుద్ది రుద్ది కడిగింది. తిడుతూ కడిగింది, మధ్యలో నవ్వొస్తే ఆగి నవ్వి, మళ్ళీ తిట్టింది.

గది బయట ఎందుకమ్మ కోచ్‌ని పట్టుకుంది. “పొద్దున ఆ గ్లాసులు ఎందుకు మార్చారండీ?”

“నేను ఒక్క గ్లాసూ ముట్టుకోలేదమ్మా! జెండాలు కట్టడానికి బల్ల కాస్త పక్కకి లాగాను. పనయ్యాక మళ్ళీ నెట్టేశాను. అంతే.”

ఎందుకమ్మ గుండ్రటి బల్ల దగ్గరికెళ్ళింది. క్యాంటీన్‌లోంచి మూడు గ్లాసులు తెచ్చి మూడు కుర్చీల ఎదురుగా పెట్టింది. బల్ల అంచు పట్టుకుని లాగింది. లాగుతుంటే బల్ల తిన్నగా రాలేదు, గుండ్రంగా తిరిగింది. ఒక్కో గ్లాసూ పక్క కుర్చీ ఎదురుకి వెళ్ళి కూర్చుంది.

“ఓహో!” అంది. “ఎవరూ ఎవరివీ తీసుకోలేదు. గ్లాసులే ఒక్కో కుర్చీ జరిగిపోయాయి!”

“నన్నూ తిప్పనీ,” అంది తోక. తర్వాత కోచ్ తిప్పి చూశాడు. తర్వాత జడ్జిగారు తిప్పి చూసి, “నిర్దోషి” అని కోచ్ భుజం తట్టారు.

ఈసారి బాకా మోగితే కొలను నీళ్ళు కూడా ఉలిక్కిపడ్డట్టున్నాయి. పిల్లలు ఒక్కసారిగా దూకారు. తాతయ్య మైకు అందుకున్నాడు. గొంతు సవరించుకున్నాడు. తర్వాత నోరు తెరిచాడు.

“ప్రయాణికులకు విజ్ఞప్తి! మొదటి వరసలో పసుపు టోపీ ఎక్స్‌ప్రెస్ వేగంగా వస్తోంది. నాలుగో వరసలో నీలం టోపీ ప్యాసింజరు, ముక్కులోకి నీళ్ళు పోయిన కారణంగా, కొద్దిసేపు ఆగి బయలుదేరుతుంది. అసౌకర్యానికి చింతించకండి, వాళ్ళమ్మ కంగారుపడుతోంది, నేను చూస్తూనే ఉన్నాను!”

జనం పొట్టలు పట్టుకున్నారు. నీలం టోపీ పిల్ల నీళ్ళలోనే నవ్వి మరిన్ని నీళ్ళు మింగి, అయినా మూడోదిగా వచ్చింది. అమ్మ కళ్ళు తుడుచుకుంది. మైకులో ఆ గొంతు విని ఎన్నేళ్ళయిందో ఆవిడకే తెలుసు.

పోటీలు అయిపోయాయి. బహుమతులూ అయిపోయాయి. తాతయ్య మాత్రం ఆగలేదు. తుండుగుడ్డ వెతుక్కుంటున్నవాళ్ళకి దారి చెప్పాడు. చెప్పులు తారుమారు చేసుకున్నవాళ్ళని నిలబెట్టాడు. బాకా తాత కోటుకి ఒక బొత్తాం ఆలస్యంగా నడుస్తోందన్నాడు. చివరికి కోచ్ మెల్లిగా వెళ్ళి మైకు తీగ ఊడబెరికాడు. ఆ సంగతి తాతయ్య గమనించలేదు. ఆ గొంతు ముందు మిగిలినవాళ్ళెవరికీ తేడా తెలియలేదు.